ఫిడేలు పెట్టె పాసైన రోజు

జకర్యా పరీక్ష పెట్టకుండా దేన్నీ ఇంట్లోకి రానివ్వడు. సారపాకలో ఈ సంగతి తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు నిన్నో మొన్నో బదిలీ మీద వచ్చినవాళ్ళయి ఉండాలి. కాగితం మిల్లులో ఆయన ఉద్యోగం టెస్టింగ్ సెక్షన్‌లో. అట్టముక్క కోసి మిషన్‌కు తగిలించి, ఎంత లాగితే చిరుగుతుందో, ఎంత ఒత్తితే పగులుతుందో చూసి చెప్పాలి. ఏళ్ళ తరబడి అదే పని చేసిన మనిషికి లోకమంతా చింపి చూడాల్సిన అట్టలాగే కనిపించింది.

కొత్త గొడుగు కొంటే దాన్ని వేసుకుని కాలనీ పంపు కింద నిలబడేవాడు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు వరుసలో నిలబడి తిట్టేవాళ్ళు.

"అన్నా, జల్దీ జరుగు! పంపు బందయితది!"

"ఆగమ్మా. ఎడమ దిక్కు ఇంకా తడవలే."

కొత్త కుర్చీ కొంటే కాటా దగ్గర పనిచేసే వెంకటనారాయణకు కబురు వెళ్ళేది. కాలనీ మొత్తంలో ఆయనంత బరువైన మనిషి లేడు. వెంకటనారాయణ వచ్చి కూర్చుని, టీ తాగి, ఒకసారి ఎగిరి కూర్చుని వెళ్ళేవాడు. కుర్చీ నిలబడితే పాస్. విరిగితే భార్య జోజమ్మ ఇద్దరినీ కలిపి తిట్టేది. "పెండ్లిచూపులకు వచ్చిననాడు గీయన్ని నేను పరీక్ష చెయ్యాల్సింది," అనేది జోజమ్మ. "ఒక్కదాంట్ల కూడ పాసయ్యేటోడు కాదు."

ఇలాంటి మనిషి చేతికి స్తెఫను తన ఫిడేలు పెట్టె సంగతి అప్పగించాడు. అప్పగించాక గాని ఏం చేశాడో అతనికి అర్థం కాలేదు.

స్తెఫను జకర్యాకు సొంత మేనల్లుడు. వెదురు యార్డులో కాంట్రాక్టు కూలీ. చదువు మధ్యలో ఆగిపోయింది గాని చదవడం ఆగలేదు. అరువు తెచ్చిన పుస్తకాలు చదివిన కొద్దీ లోకం మీద కోపం పెరిగింది. ఫిడేలు మాత్రం మామ దగ్గర నేర్చాడు. ఇప్పుడు మామ కంటే బాగా వాయిస్తాడని చర్చిలో అందరికీ తెలుసు. మామకు కూడా తెలుసు.

కిందటేడు కొత్తగూడెం రేడియో వాళ్ళు ఆడిషన్‌కు పిలిచారు. పెట్టె లేదు. ఫిడేలును దిండు గలీబులో వేసుకుని బస్సెక్కాడు. పాల్వంచలో జనం విరగబడి ఎక్కారు. దిగేసరికి ఫిడేలు మెడ విరిగి గలీబులో వేలాడుతోంది. అటునుంచి అటే తిరిగి వచ్చాడు. విరిగిన మెడను బంకపెట్టి నిలబెట్టారు. ఈ ఏడు మళ్ళీ కార్డు వచ్చింది. ఈసారి కూడా పోతే ఇక పిలవరని స్తెఫనుకు గట్టిగా అనిపించింది. బంక మీద నిలబడిన ఫిడేలు వానాకాలపు బస్సులో క్షేమంగా చేరాలంటే మంచి పెట్టె కావాలి.

"మంచి పెట్టె అంటే మాటలా అల్లుడూ?" అన్నాడు జకర్యా, కళ్ళు మెరుస్తుండగా. "పద ఖమ్మం."

ఖమ్మంలో వాయిద్యాలమ్మే చెంచురామయ్య నల్లటి రెగ్జిన్ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. లోపల ఎర్ర మఖ్మలు. స్తెఫనుకు చూడగానే నచ్చింది. జకర్యా బొటనవేలితో మూత నొక్కాడు.

"లోపల అట్ట."

"అందరూ ఇదే కొంటారండీ," అన్నాడు చెంచురామయ్య.

"మా మిల్లు అట్టయితే గిట్ల వంగదు," అంటూ జకర్యా టిఫిను డబ్బాలోంచి చేతిరుమాలు మూట తీశాడు. విప్పాడు.

"ఏమిటండీ అది?"

"గుడ్డు."

"కనపడుతోంది. నా కొట్లోకి ఎందుకొచ్చింది?"

"ఫిడేలుకు బదులు. ఫిడేలు పగిలితే మల్ల రాదు. గుడ్డు పగిలితే ఇంటికాడ కోడి ఉన్నది."

చెంచురామయ్య చెయ్యి అడ్డం పెట్టేలోపలే గుడ్డు పెట్టెలోకి, పెట్టె ఛాతీ ఎత్తు నుంచి నేల మీదికి వెళ్ళిపోయాయి. మూత తీస్తే ఎర్ర మఖ్మలు మీద పసుపు పారుతోంది. అప్పుడు చెంచురామయ్య అన్న మాటలు చెప్పదగినవి కావు. జకర్యా ఆ మఖ్మలునంతా తన కండువాతో తుడిచాడు. ఇంటికి వెళ్ళాక ఆ కండువా చూసి జోజమ్మ అన్న మాటలు కూడా చెప్పదగినవి కావు.

"కొనే పెట్టె కాదు, చేయించే పెట్టె కావాలె," అని జకర్యా తీర్పు చెప్పాడు. మర్నాడే వడ్రంగం పనిచేసే దూలయ్య ఇంటికి తీసుకెళ్ళాడు.

దూలయ్య మంచి పనివాడే. అయితే ఆ ఇంటికి పనులు తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు. లోపల మంచం మీద అతని భార్య కన్నమ్మ ఎప్పుడూ దగ్గుతూ ఉండేది. జనం వాకిట్లోనే మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళు. దూలయ్య కూడా ఎవరినీ దగ్గరికి రానిచ్చే రకం కాదు. జోజమ్మ ఒకసారి గిన్నెలో కోడికూర పంపితే మూతయినా తీయకుండా వెనక్కి పంపాడు. "మాకు చేతులు ఉన్నయని చెప్పు," అన్నాడు.

గుమ్మడి టేకు తేలిగ్గా ఉంటుందని దాంతో పెట్టె చేశాడు. లోపల మెత్తకు మిల్లులో అరిగిపోయి పక్కన పడేసిన ఫెల్టు దుప్పటి ముక్క తెచ్చిచ్చాడు జకర్యా. ఫిడేలు ఆకారంలో గుంట, పైన ఇత్తడి గొళ్ళేలు. స్తెఫను పెట్టె అంచుల వెంట వేళ్ళు పోనిచ్చి చూసుకున్నాడు.

జకర్యా బుట్టలోంచి ఆరు గుడ్లు తీశాడు.

"ఆరెందుకు మామా?"

"ఒక్క శాంపిలుతోని రిజల్టు చెప్పొద్దు. యావరేజి తియ్యాలె."

పెట్టె ఛాతీ ఎత్తు నుంచి పడింది. మూత తీశారు. ఆరుకు ఆరూ క్షేమం. దూలయ్య మీసం దువ్వుకున్నాడు.

"ఫెయిల్," అన్నాడు జకర్యా.

"ఏంది?"

"గొళ్ళెం చప్పుడైతంది. చర్చిల అందరూ కండ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటె టప్పుమంటె ఎట్ల?"

జకర్యా చేతులు దులుపుకుని బయలుదేరాడు. దూలయ్య వెనక నుంచి కేకేశాడు. "నీ గుడ్లు తీస్కపో!"

"టెస్టు చేసిన శాంపిలు వాపసు తీస్కపోరాదు. మిల్లు రూలు. పారెయ్యి."

రెండు రోజులకు మళ్ళీ ఆరు గుడ్లు. గొళ్ళెం చప్పుడు పోయింది. గుడ్లు పగల్లేదు. "ఫెయిల్. టేకు వాసనొస్తంది." ఆ తర్వాత ఇంకో ఆరు. "ఫెయిల్. కుడి దిక్కు బరువున్నది." ఆ తర్వాత పిడి వేళ్ళకు ఒత్తుకుంటోంది. పెట్టె కాళ్ళ కింద చీమ దూరే సందుంది. ఒకనాడు ఏ లోపమూ దొరక్క చాలాసేపు పెట్టె చుట్టూ తిరిగి, "మూత బిర్రుగున్నది," అన్నాడు.

"నువ్వు పెట్టె అడిగినవా, పసిపిల్లకు తొట్టెల అడిగినవా?" అన్నాడు దూలయ్య. అయినా చిత్రిక తీసి మూత అంచు గీకాడు.

ఇంట్లో జోజమ్మ మొత్తుకునేది. "గుడ్డు కూర మొకం చూసి ఎన్ని దినాలైంది! కోళ్ళు నావి, గుడ్లు పెట్టెకు!" అలా మొత్తుకుంటూనే సంతలో ఇంకో రెండు కోడిపెట్టలు కొనుక్కొచ్చింది. ఎందుకు కొన్నదో స్తెఫనుకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. ఆడిషన్ దగ్గర పడుతోంది. చివరికి, తెల్లారితే ఆడిషన్ అనగా, మిల్లు గేటు దగ్గర మామను నిలదీశాడు.

"పెట్టె మంచిగనే ఉన్నది. నీకు తెల్సు, నాకు తెల్సు, దూలయ్యకు తెల్సు. నువ్వు రేడియోల వాయించలే. నేను వాయిస్తనని నీకు కడుపుమంట. అందుకే ఆపుతున్నవ్!"

గేటు దగ్గర ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. జకర్యా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మూత ఇంకా బిర్రుగనే ఉన్నది అల్లుడూ," అని లోపలికి వెళ్ళిపోయాడు.

స్తెఫను నేరుగా దూలయ్య ఇంటికి నడిచాడు. ఈ పూట పెట్టె తీసుకునే రావాలని, మామ మొహం మళ్ళీ చూడకూడదని దారిపొడుగునా అనుకున్నాడు. దూలయ్య ఇంటి అరుగు మీద కన్నమ్మ కూర్చుని ఉంది. ఆమెను మంచం మీద కాకుండా చూడటం అదే మొదలు. ఒళ్ళో గిన్నె. ఉడికిన గుడ్డు పొట్టు తీస్తోంది.

"రా కొడకా. మీ మామ పెట్టె ఎన్నడు పాసైతది?" అంది. "పొద్దుగాల రెండు, మాపటికి ఒకటి. గోలీలు మింగుడు ఒకెత్తు, ఇవి మింగుడు ఇంకో ఎత్తు."

"గోలీలెందుకు?"

"టీబీ గద. బిళ్ళలు దవాఖానోళ్ళు ఇస్తరు. గుడ్లు, పాలు మీరే చూస్కోవాలె అన్నడు డాక్టరు. మా ఆయన సంగతి ఎరికే గద, ఒకళ్ళ దగ్గర ఉప్పురాయి తీసుకోడు."

దూలయ్య చిత్రిక ఆపి గొంతు సవరించుకున్నాడు. "గవి ఒకళ్ళిచ్చినవి కావు. టెస్టు గుడ్లు. పారెయ్యమన్నడు. పారేసుడెందుకని ఉడకబెడుతున్నం." ఆ మాట అంటున్నంతసేపూ స్తెఫను కళ్ళలోకి చూడలేదు. తర్వాత పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. "తీస్కపో. రేపే గద నీ పరీక్ష."

స్తెఫను మూత తీశాడు. వేలు తగిలితే చాలు, దూదిలా తేలిగ్గా లేచింది. మూశాడు. మళ్ళీ తీశాడు. కన్నమ్మ ఒళ్ళోని గిన్నె వైపు చూశాడు.

"బిర్రుగున్నది," అన్నాడు. "ఇంకా టైం పడతది."

మర్నాడు పొద్దున దిండు గలీబును గుండెకు హత్తుకుని బస్సు కోసం నిలబడ్డాడు. సన్నగా వాన. అంతలో జకర్యా గొడుగు కింద పెట్టెను పెట్టుకుని, తాను తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వు గూడ ఫెయిల్ చేసినవంట? దూలయ్య చెప్పిండు."

స్తెఫను తల వంచుకున్నాడు. "నిన్న గేటు కాడ అన్నది..."

"గది పక్కన పెట్టు. ఈ పెట్టెకు రోడ్డు టెస్టు ఇంకా కాలే. కొత్తగూడెం దాకా పోయి రావాలె. ఖాళీ పెట్టెతోని టెస్టు చేస్తె ఏం లాభం? లోపల ఫిడేలు ఉండాలె." ఆయనే గలీబులోంచి ఫిడేలు తీసి ఫెల్టులో పడుకోబెట్టాడు. "సాయంత్రం మల్ల దూలయ్య ఇంట్ల అప్పజెప్పు. రిజల్టు రాలే ఇంకా."

"ఎల్లుండి గుడ్లు పెట్టి చూద్దాం మామా," అన్నాడు స్తెఫను. "ఆరు చాలవు. ఎనిమిదన్న ఉండాలె యావరేజికి."

జకర్యా అల్లుడి మొహంలోకి చూసి, నవ్వు కనపడకుండా గొడుగు అడ్డం పెట్టుకున్నాడు.

పాల్వంచలో జనం కిందటేడు లాగే విరగబడ్డారు. ఒకాయన సరాసరి పెట్టె మీదే కూర్చున్నాడు, వెంకటనారాయణకు తమ్ముడిలా ఉన్నాడు. స్తెఫను లేవమనలేదు. ఇది కూడా టెస్టే అనుకున్నాడు. కొత్తగూడెంలో మూత తీస్తే శ్రుతి కూడా చెదరలేదు. వాయించాడు. ఎంపికైనట్టు తర్వాత కార్డు వచ్చింది.

పెట్టె మాత్రం వానలు తగ్గేదాకా ఫెయిలవుతూనే ఉంది. దవాఖానాలో కన్నమ్మకు మళ్ళీ ఫోటో తీసి ఊపిరితిత్తులు బాగున్నాయన్నారని తెలిసిన రోజు జకర్యా, స్తెఫను గుడ్ల బుట్టతో వెళ్ళారు. గుడ్లు సర్ది మూత పెట్టగానే కన్నమ్మ ముందుకొచ్చింది.

"జరుగుండ్రి. ఈసారి నేనేస్త."

మొన్నటిదాకా నీళ్ళ చెంబు ఎత్తలేని మనిషి పెట్టెను రెండు చేతులతో తల మీదికి ఎత్తింది. ఎత్తి, బలమంతా పెట్టి నేలకేసి కొట్టింది. కాకులు లేచిపోయాయి. దూలయ్య పరుగున వచ్చి మూత తీశాడు. లోపల ఒక్క గుడ్డు మిగల్లేదు. ఫెల్టంతా పసుపు.

"పాస్!" అన్నాడు జకర్యా.

"అన్నీ పగిలినయ్ గద!" అన్నాడు దూలయ్య.

"ఎంత పైకెత్తిందో చూసినవా? పాస్ అంటె పాస్."

"ఇగ ఈ ఇంట్ల గుడ్డు మాట ఎత్తిన్రంటె చెప్త," అంది కన్నమ్మ.

ఆ పెట్టెతో స్తెఫను ఎన్నోసార్లు రేడియోకు వెళ్ళాడు. వాన పడ్డప్పుడల్లా మూత తీస్తే పచ్చిగుడ్డు వాసన గుప్పుమంటుంది. పక్కనున్న మృదంగం ఆయన ముక్కు మూసుకుని, "ఫెల్టు మార్పించవయ్యా బాబూ," అంటాడు. స్తెఫను ప్రతిసారీ వంగి గట్టిగా ఒకసారి వాసన చూసి, ఇంకా టెస్టింగ్‌లో ఉందని చెబుతాడు.