రసమట్టం బాబాయి

ఆఖరిసారి పడవ నడిపిన ఆదివారం మా బాబాయి నాతో, "జానెడు కుడికి జరుగు" అన్నాడు. జరిగాను. వంగి నేల మీది రసమట్టం గాజుగొట్టంలో బుడగను చూసుకుని, "అందులో సగం వెనక్కి రా" అన్నాడు. వచ్చాను. అప్పుడు గానీ ఇంజను స్టార్ట్ చేయలేదు.

ఒరిగిన వస్తువును చూస్తే బాబాయికి ఊపిరాడేది కాదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ మీది ఫొటోలు సరిచేసి, ఆ తర్వాతే క్షేమసమాచారాలు అడిగేవాడు. లారీలను తూచే వేబ్రిడ్జి దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాక, ఇద్దరు పడుకునేంత గది ఉన్న చిన్న మోటారు పడవను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అది ఎడమకు ఒరిగి, ముక్కు ఆకాశంలో పెట్టుకుని నడిచేది. అందుకే చవకగా ఇచ్చి ఉంటారని పిన్ని అనుమానం. అందుకే కొన్నాడని నా నమ్మకం.

ఏడాది పాటు బ్యాటరీలను వెనక నుంచి ముందుకు, నీళ్ళ ట్యాంకును ఎడమ నుంచి కుడికి జరుపుతూ గడిపాడు. గది నేల మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి రసమట్టాలు బిగించాడు. చివరికి పడవ దారికొచ్చింది. ఇక మిగిలిన లోపం మనుషులే.

అందుకని రేవులో బరువు చూసే మిషను పెట్టాడు. ఆదివారం షికారుకు వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి దాన్ని ఎక్కాలి. అంకె చూసి ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేవాడు. తను మాత్రం ఎక్కేవాడు కాదు. కుడివైపు చుక్కాని దగ్గర తన సీటు మారదు కనక, తన బరువు పడవకు కంఠతా వచ్చట.

పిన్ని మిషను ఎక్కనంటే ఎక్కనంది. బాబాయి వాదించలేదు. ఆమెను ఎడమ బల్ల మీద కూర్చోబెట్టి, కుడివైపు ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయాడు. బుడగ మధ్యకు రాగానే అందరి ముందూ, "మూడున్నర డబ్బాలు" అన్నాడు. పిన్ని వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఎడమ బల్ల మీద రెండో చోటు మా వదినది. ఒక జూన్ ఆదివారం బుడగ కొద్దిగా ఎడమకు పోయింది. బాబాయి వదినను దించి మళ్ళీ తూచాడు. రెండు నెలల్లో ఐదు కిలోలు తగ్గింది.

"మంచిదేగా చిన్నమామయ్యా, పాత బట్టలన్నీ పడుతున్నాయి" అని వదిన నవ్వింది. బాబాయి నవ్వలేదు.

"తిండి తగ్గించావా?"

"లేదే."

"నడక మొదలుపెట్టావా?"

"వంటింటికీ హాలుకీ నడిచే నడకే."

"మరి ఐదు కిలోలు ఎక్కడ దించొచ్చావమ్మా?"

డాక్టరు చీటీ తెస్తే గానీ పడవ ఎక్కనివ్వనన్నాడు. ఇంటి కోడలిని లారీని ఆపినట్టు ఆపేశాడని అన్నయ్యకు కోపం వచ్చింది. బాబాయి పోరు పడలేకే వదిన పరీక్షలకు వెళ్ళింది. పేగులో గడ్డ ఉందన్నారు. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే చేయగలిగింది ఉండేది కాదని డాక్టరు చెప్పాడు.

ఆ పైన ఏడాది పాటు ఇంటిల్లిపాదీ కళ్ళు వదిన మీదే. ఆపరేషన్ అయిందగ్గర్నుంచి బాబాయి వారం వారం మిషను చంకన పెట్టుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళేవాడు. "రెండొందల గ్రాములు" అని పరీక్షా ఫలితాలు చదివినట్టు గుమ్మంలోంచే ప్రకటించేవాడు. నువ్వూ చిక్కావని పిన్ని ఓసారి అంటే వయసు మీద తోసేశాడు, స్వెట్టరు మీద స్వెట్టరు తొడిగాడు. వదిన మళ్ళీ పడవెక్కాక ఏ ఆదివారమూ బుడగ పక్కకు జరగలేదు. మేమూ పట్టించుకోలేదు. పోయిన ఐదు కిలోలూ వదినకు తిరిగొచ్చిన నెలలోనే ఆయన మంచం పట్టాడు. మూడు వారాలే ఉన్నాడు.

కొన్నాళ్ళకు పడవను శుభ్రం చేయిద్దామని నేనూ వదినా వెళ్ళాం. ఎప్పుడూ పడవ పని చూసే మెకానిక్ చుక్కాని దగ్గరి సీటు ఎత్తాడు. కింద ఇనప పలకలు, గలగలమనకుండా పాత బనియన్లలో చుట్టి ఉన్నాయి. ఒక్కోటి సరిగ్గా కిలో. వదిన లెక్కపెట్టింది. పద్దెనిమిది.

అవి తనే కోసిచ్చానన్నాడు మెకానిక్. ఒకసారి రెండు, ఒకసారి మూడు అలా పట్టుకెళ్ళేవాడట. ఎందుకండీ అని అడిగితే బాబాయి, "ఈ పడవ మరీ సత్యసంధురాలయ్యా, దీనికి కాస్త లౌక్యం నేర్పుతున్నా" అన్నాడట.

వదిన పలక చేత్తో పట్టుకునే నవ్వింది. తర్వాత, మొదటివి ఎప్పుడు తీసుకున్నారని అడిగింది. మెకానిక్‌కు బాగా గుర్తుంది. తన కూతురు పుట్టిన వారమట, మార్చిలో.

వదినను ఆయన రేవులో ఆపింది ఆ ఏడాది జూన్‌లో. మెకానిక్ లెక్క ప్రకారం, అప్పటికే ఆయన సీటు కింద ఏడు పలకలున్నాయి.