భాగ్యమ్మ పేరు మీద తీసుకున్న నవలలు

యాకయ్యకు ఉన్న ఆస్తి ఒక తాళంచెవి, ఒక చాక్‌పీసు డబ్బా. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే గల్లీ చివర, నేతగాళ్ల సంఘం నడిపే ఒంటిగది పఠన మందిరానికి అతనే గుమాస్తా, అతనే కాపలాదారు, కుండలో నీళ్లు నింపేదీ అతనే. ఇరవై ఏళ్లు మగ్గం మీద కూర్చుని నూలు దుమ్ము పీల్చి దగ్గు తెచ్చుకున్నాక, సంఘం పెద్ద మొండయ్య జాలిపడి ఆ కొలువు ఇప్పించాడు. జీతం సంగతి అడక్కపోవడమే మంచిది. కానీ యాకయ్య ఆ గదిలోకి అడుగుపెట్టినప్పుడు చూడాలి. కలెక్టరు కూడా తన ఆఫీసులోకి అంత దర్జాగా నడిచి ఉండడు.

అతని చేతిరాత ముత్యాల కోవ. పొద్దున్నే పేపరు చదివి ముఖ్యమైన వార్తలు నల్లబోర్డు మీద రాసేవాడు. తాను మాత్రం పేపరు తప్ప మరొకటి చదివేవాడు కాదు. నవలలంటే జరగనివి, జరగనివి తెలుసుకుని ఏం చేస్తామని అతని వాదన. అయితే పుస్తకాలు తీసుకుపోయేవాళ్లు గడప దగ్గర నిలబడి నీదేం పుస్తకం, నాదిదీ అని గంటల తరబడి మాట్లాడుకోవడం అతనికి భలే సరదాగా ఉండేది. డెబ్బై నాలుగు ఎండాకాలంలో అందుకే బోర్డు మీద కుడివైపు ఒక గీత కొట్టి, పైన ‘మన గల్లీలో ఎవరు ఏం చదువుతున్నారు’ అని రాశాడు.

వారం తిరిగేసరికి ఆ మూల నిండిపోయింది. పోస్టాఫీసు రాజమల్లు జ్యోతిషం, రిక్షా కట్టయ్య డిటెక్టివ్ పుస్తకం. రేషన్ షాపు సమ్మయ్య వంటల పుస్తకం చదువుతున్నాడని రాసిన రోజే అతని భార్య అలిగి పుట్టింటికి పోయిన సంగతి గల్లీ అంతా తెలిసింది. పేపరు వార్తల కోసం ఆగేవాళ్లు తగ్గి, ఈ మూల చూడడానికి ఆగేవాళ్లు ఎక్కువయ్యారు. యాకయ్య ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

బోర్డెక్కనిది గుండయ్య పేరొక్కటే. గుండయ్యది ఆరడుగుల ఒడ్డూ పొడుగూ, మెలితిప్పిన మీసం, మూడిళ్ల అవతలికి వినపడే గొంతు. గల్లీలో తగాదా వస్తే ముందు పిలిచేది అతన్నే. అలాంటి మనిషి చదివేవేమిటంటే, ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటూ చదివే ప్రేమ నవలలు. మధ్యాహ్నం అన్నం తిన్నాక తలుపు దగ్గరికి వేసి, భార్య భాగ్యమ్మ పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతుంటే పైకి చదివి వినిపించేవాడు, మంచి ఘట్టం వచ్చినప్పుడు ఇద్దరూ ఏడ్చేవాళ్లు. బయట తెలిస్తే మీసం గీసుకోవలసిందేనని అతని భయం. అందుకని నవలలన్నీ భార్య పేరు మీద తీసుకునేవాడు. ఆమెకు అక్షరం ముక్క రాదు. వేలిముద్ర వేసే మనిషికి నవలెందుకని ఎవరైనా అడుగుతారేమోనని ముందుచూపుతో మూడక్షరాల సంతకం నేర్పించాడు. ఆమె కొంగు చాటున పుస్తకం పెట్టుకుని వచ్చి, రిజిస్టరులో నాలుక కరచుకుని ‘భాగ్యమ్మ’ అని రాసి, మరో నవల తీసుకుపోయేది. ఈ గుట్టు వాళ్లిద్దరి తర్వాత యాకయ్యకొక్కడికే తెలుసు.

నీకు చదువు రాదా ఏందని కుర్రకారు ఎగతాళి మొదలుపెట్టేసరికి గుండయ్య ఒకరోజు మనుషులు లేని వేళ చూసి యాకయ్య దగ్గరికి వచ్చాడు.

“బావా, నా పేరు గూడ రాయి. జర బరువున్న పుస్తకం జూసి రాయి” అన్నాడు.

యాకయ్య అల్మారా వైపు చూశాడు. అన్నిటికన్నా లావుగా, ఎర్రట్టతో, దుమ్ము పట్టి ఒకటి కనిపించింది. ‘కష్టజీవుల చరిత్ర – రెండవ భాగం’. మొదటి భాగం ఎలా ఉంటుందో ఎవరూ ఎరగరు. ఎవరో మహానుభావుడు ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చిపోయిన పుస్తకాల్లో అది కొట్టుకొచ్చింది. యాకయ్య ఆ పేరును గుండయ్య పేరు పక్కన ఎంతో అందంగా, కింద గీత కూడా కొట్టి రాశాడు. మిగతావాళ్ల పుస్తకాలు వారం వారం మారేవి. గుండయ్యది ఏడాది దాటినా మారలేదు. తెరవని పుస్తకం అయిపోయేదెప్పుడు మరి. అంత లావు పుస్తకం పట్టు వదలకుండా చదువుతున్నాడని జనం మెచ్చుకున్నారు కూడా.

ఆ తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. వార్తలు రాసే ఎడమవైపు యాకయ్య ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశాడు, కొన్ని రోజులు ఖాళీగా వదిలేశాడు. కుడివైపు సంగతి అతనికి తట్టనే లేదు. సరదాకు చదివే పుస్తకాల పేర్లకు భయపడాలని ఎవరికి తడుతుంది? ఒక మధ్యాహ్నం జీపు వచ్చి ఆగింది. ఒక జవాను లోపలికొచ్చి బోర్డు కుడివైపంతా పొల్లుపోకుండా కాగితం మీద ఎక్కించుకున్నాడు. చేతిరాత బాగుందని మెచ్చుకుని మరీ పోయాడు. కష్టజీవుల చరిత్ర చదివేవాడు నక్సలైటేనని మర్నాడు గుండయ్యను మగ్గం మీద నుంచే తీసుకుపోయారు.

యాకయ్యకు అన్నం సయించలేదు. తన చేత్తో రాసిన రాత, తాను ఏరి ఇచ్చిన పేరు. మొండయ్యను వెంటబెట్టుకుని, భాగ్యమ్మను తీసుకుని, చంకలో రిజిస్టరుతో స్టేషనుకు పోయాడు. గుండయ్య ఇంట్లో సగం చదివి దారప్పోగు పెట్టి ఉంచిన నవల కూడా సాక్ష్యంగా పట్టుకుపోయాడు. ఉన్నది ఉన్నట్టు చెబితే అయిపోతుందని అతని ధీమా. అమాయకుడు.

ఎస్సై ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చినవాడు. కేకలేసే రకం కాదు, ముగ్గురినీ కూర్చోమన్నాడు కూడా. యాకయ్య చెప్పిందంతా విని గుండయ్యను పిలిపించి, నువ్వు చదివేది ప్రేమకథలేనటగా అని అడిగాడు. ఆ ఒక్క క్షణంలో అవునంటే చాలు. గుండయ్య యాకయ్య వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, ఆ పక్కన సంఘం పెద్ద మొండయ్య కూర్చుని ఉండడం చూశాడు. చేయి దానంతటదే మీసం మీదికి పోయింది.

“ఆడోళ్ల కతలు నేను సదువుడేంది సార్” అన్నాడు. “గా లావు బుక్కే సదువుతాన.”

అయితే అందులో ఏముందో చెప్పమన్నాడు ఎస్సై. గుండయ్య నోరు తెరవలేదు. తెరవని పుస్తకంలో ఏముందని చెబుతాడు? ఎస్సై, చెప్పవన్నమాట, గట్టివాడివే అని కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మొండయ్యను పిలుచుకొచ్చినందుకు యాకయ్యకు తనను తాను కొట్టుకోవాలనిపించింది. రోషంగల మనిషిని సంఘం పెద్ద ముందు నిలబెట్టి నిజం చెప్పమనడం ఏం తెలివి?

యాకయ్య లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. నవలలు భాగ్యమ్మ పేరు మీద ఉన్నా ఆమెకు చదువు రాదని, చదివేది గుండయ్యేనని, సిగ్గుపడి అలా అంటున్నాడని దగ్గు మధ్యలో చెప్పుకున్నాడు. ఎస్సై రిజిస్టరు తిప్పాడు. ఒక పేజీలో నాలుగు చోట్ల, మరో పేజీలో మూడు చోట్ల గుండ్రంగా భాగ్యమ్మ సంతకం. ఇంత చక్కగా సంతకం చేసే మనిషికి చదువు రాదంటే నమ్మేదెలా అన్నాడు. ఆ మాట కూడా చిరాకుపడకుండానే అన్నాడు. తర్వాత నవల తీసి మొదటి పేజీ విప్పి భాగ్యమ్మ చేతిలో పెట్టి, చదవమ్మా అన్నాడు.

నాకు రాదు సార్ అంటే సరిపోయేది. కానీ భాగ్యమ్మకు ఆ గదిలో అర్థమైంది ఒకటే. పెద్ద సారు ఒక పని చెప్పాడు, అది సరిగ్గా చేస్తే మొగుణ్ణి వదులుతాడు. ఆ నవల మొదటి పేజీ ఆమెకు ఇష్టమని గుండయ్య ఎన్నిసార్లు చదివి వినిపించాడో లెక్కలేదు. ఆమె పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని, చూపు అక్షరాల మీద నిలిపి, అనసూయ అనే పిల్ల వానలో తడుస్తూ బస్సు కోసం ఎదురుచూడడం దగ్గర మొదలుపెట్టి, పుస్తకాల భాషలో, తడబడకుండా, గుండయ్య ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటాడో అక్కడే ఆగి, పేజీ మొత్తం అప్పజెప్పింది. యాకయ్య మధ్యలో వద్దు చెల్లె అనబోయాడు, దగ్గు తెర అడ్డం పడింది. గుండయ్య తల వంచుకున్నాడు.

చాలా బాగా చదివావమ్మా, అయితే నవలలు నీవే, లావు పుస్తకం నీ మొగుడిదే అన్నాడు ఎస్సై. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమె కంఠతా చెప్పిందని, రెండోసారి మధ్యలో పేజీ ఇచ్చి చూడమని యాకయ్య మొత్తుకున్నాడు. ఈసారి రానట్టు నటిస్తుందని తనకు తెలియదా అన్నాడు ఎస్సై. చదువు వచ్చిన మనిషి వచ్చని చూపించుకోగలడు. రాని మనిషి రాదని ఎవరికి, ఎట్లా చూపించగలదు? నవల, రిజిస్టరు రెండూ ఎస్సై సొరుగులోకి పోయాయి. ముగ్గురూ బయటికి వచ్చారు.

రోడ్డు మీదికి వచ్చాక భాగ్యమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని యాకయ్య వైపు తిరిగింది.

“ఒక్క అచ్చరం తప్పువోలే గదా అన్నా? ఇడిసిపెడతడు గదా?”

యాకయ్య ఔనమ్మా అన్నాడు. ఆ పూట ఆమెకు నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఎన్నటికీ రాలేదు.

గుండయ్యను జైలుకు పంపారు. పఠన మందిరానికి సీలు పడింది, యాకయ్య చేతిలో తాళంచెవి మిగిలింది గానీ దానికి తాళం లేదు. మగ్గం ఆగిపోయి భాగ్యమ్మ రఘునాథపల్లిలో తల్లిగారింటికి చేరి నాట్లకు పోవడం మొదలుపెట్టింది. యాకయ్య తిరగని గడప లేదు. వకీలు ఇంటికి పోయాడు, లీడరు ఇంటికి పోయాడు, చెప్పిన కథే చెప్పాడు. విన్నవాళ్లలో సగం మంది నవ్వారు, మిగతా సగం మంది భయపడి తలుపు వేసుకున్నారు. ఏడు నెలలు అలా తిరిగితే దొరికింది పది నిమిషాల ములాఖత్.

ఇనుప జాలీ అవతల గుండయ్య చిక్కిపోయి ఉన్నాడు. మీసం కిందికి వాలింది. యాకయ్య ఏడవకూడదని అనుకుని వచ్చి, చూడగానే ఏడ్చాడు. తప్పంతా నాది బావా అన్నాడు. గుండయ్య ఆ మాట పట్టించుకోలేదు. తన బ్యారెక్ నిండా లెక్చరర్లు, కాలేజీ పిల్లలేనని, రోజూ సాయంత్రం గుండ్రంగా కూర్చుని ఎవరేం చదివారో చెప్పుకుంటారని, తన వంతు వచ్చినప్పుడు మాట్లాడకుండా కూర్చుంటే లోతైన మనిషని గౌరవిస్తున్నారని చెప్పాడు. ఆ గౌరవం అతనికి ఎంత బరువుగా ఉందో ముఖంలో కనిపించింది. తర్వాత అటూ ఇటూ చూసి, జాలీకి నోరానించి గొంతు తగ్గించాడు.

“బావా, అనసూయ సంగతి ఏమైంది?”

గల్లీలో అనసూయ ఎవరా అని యాకయ్య కొంచెంసేపు తడుముకున్నాడు. తర్వాత అర్థమైంది. అవతల మనిషి ఏడు నెలలుగా, ఎవరినీ అడగలేక, దారప్పోగు పెట్టిన పేజీ దగ్గరే ఆగి ఉన్నాడు. ఆ పుస్తకం ఎస్సై సొరుగులో ఉంది. మరో ప్రతి కోసం వెతకాలనైనా తనకు తోచలేదు. భాగ్యమ్మకు తెలిసింది కూడా సగమే. నిజం చెప్పీ చెప్పీ అలసిపోయిన యాకయ్య ఆ రోజు అబద్ధమాడాడు.

“మంచిగయింది బావా. పెండ్లయింది.”

గుండయ్య ముఖం వెలిగిపోయింది. అంత పెద్ద మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. టైమైపోయిందని జవాను లాఠీతో జాలీ మీద తట్టాడు. గుండయ్య కదల్లేదు, జాలీని రెండు చేతులతో పట్టుకుని ఆత్రంగా అడిగాడు.

“ఎవలతోని?”

యాకయ్య నోరు తెరిచాడు. ఆ నవలలో ఒక్క మగవాడి పేరు కూడా అతనికి తెలియదు.