భూమి పైసలు భూమిలోనే

మా ఎంకపల్లి వైపు చేను అమ్ముకున్న ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఆ డబ్బుతో ఇంటికి సున్నం కూడా వేయించరు. భూమి అమ్మితే వచ్చింది మళ్ళీ భూమిలోనే పడాలి. రోడ్డు దగ్గర ఎకరం అమ్మినవాడు దూరం పోయి మూడో నాలుగో కొనాలి. అట్లా కొన్నవాడు తెలివైనవాడు, కారు కొన్నవాడు చెడిపోయినవాడు, బ్యాంకులో వేసుకున్నవాడు పిరికివాడు. మా ఆయన తెలివైనవాడనిపించుకున్నాడు. ఆ తెలివిని నేను చాలా ఏళ్లు క్షమించలేదు.

మేం అమ్మింది ఎకరంన్నర పూలతోట. మా అత్త పేరు మీద ఉండేది. బంతి, చామంతి, గట్టు పక్కన నాలుగు సాళ్లు గులాబీ. తెల్లవారకముందే కోసి, తడి గోనెసంచుల్లో కట్టి ట్రాలీ ఆటోలో వేస్తే మొయినాబాద్, అజీజ్‌నగర్ దాటి పొద్దు పొడిచేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్లో ఉండేవి. వాడకుండా చేరితే అవి పూలు, లేకపోతే చెత్త. ఆ తోటలో మా అత్త వెనక నేను కాపురానికి వచ్చిన మొదటి వారం నుంచే కోతకు నడిచాను. "నీ చెయ్యి పడితే పువ్వు అలిగి రాల్తది బిడ్డా" అని ఎగతాళి చేసేది. నాకు చేతకాదన్న మాట నిజమే గానీ, నాకు ఒళ్లు మండేది.

ఎందుకు అమ్మామంటే అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. పూలమందుల ధరలు పెరిగాయి, డీజిల్ పెరిగింది, కోతకు వచ్చే ఆడవాళ్ల కూలి పెరిగింది. పెరగనిది పూల ధర ఒక్కటే. ఫంక్షన్ హాళ్లలో చైనా నుంచి వచ్చిన ప్లాస్టిక్ పూలు వేలాడదీయడం మొదలైంది. ఒకసారి కొంటే వంద పెళ్లిళ్లకు వాడుకోవచ్చట. మేం పూలు పోసే దుకాణదారే ఆ మాట మాతో నవ్వుతూ చెప్పాడు. అదే సమయంలో మా చేను ధర మాత్రం మేం నోటితో అనడానికి భయపడేంత పెరిగింది. బ్రోకర్ మా అరుగు మీద రోజూ వచ్చి కూర్చునేవాడు.

మా తమ్ముడికి చేవెళ్లలో కిరాణా దుకాణం. ఫోన్‌లో షేర్లు చూస్తాడు, నెలనెలా ఫండ్లలో వేస్తాడు, బంగారం ధర వాడికి నాలుక చివర ఉంటుంది. మా ఆయనను కూర్చోబెట్టి చెప్పాడు.

"బావా, పైసలన్ని ఒక్కతాన పెట్టకు. కొన్ని బంగారంల పెట్టు, కొన్ని బ్యాంకుల వెయ్యి, కొన్ని ఫండ్లల వెయ్యి. ధరలు గిట్ల పెరుగుతుంటే ఒక్కటి పడ్డా ఇంకొకటి నిలబెడ్తది."

"భూమి పైసలు భూమిలనే పడాలె" అన్నాడు మా ఆయన. "నీ ఫోన్ల కనవడేది నేను దున్నగల్గుతనా?"

"పోనీ భూమే కొను. గని జర దగ్గర కొను. అరెకరమైనా సరే, పూలు పెట్టేటట్టు కొను."

"ఎకరంన్నర అమ్మి అరెకరం కొంటే ఊరోళ్లు నవ్వరా?"

నేను కూడా తమ్ముడి వైపే మాట్లాడాను. నా మాటకు విలువ ఎంతంటే, టీ పెట్టుకుని రమ్మన్నాడు. చివరకు తాండూరు అవతల ఆరెకరాలు కొన్నాడు. రోడ్డు మీద రెండు గంటలకు పైనే. అక్కడ పూలు కోస్తే మార్కెట్‌కు చేరేది బాగా పొద్దెక్కాకే. పూలు పండించేవాడికి అసలైన ఆస్తి ఎకరాలు కావు, మార్కెట్‌కు ఉన్న దగ్గరదనం. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, కొనేటప్పుడు మాత్రం మా ఆయనకు గుర్తు రాలేదు.

అంతకుముందు, పూలతోట అమ్మకం రిజిస్ట్రేషన్ రోజున, వేలిముద్ర వేసే ముందు మా అత్త కొడుకు వైపు తిరిగింది.

"పైసలు నేనేం జేసుకోను? నీ ఇష్టమున్నట్టు చెయ్యి. గని నా పాడె మీద మాత్రం మన చేన్ల పూలే వెయ్యాలె. కొన్న పూలతోని నన్ను పంపకు."

"అట్లనే అవ్వా" అన్నాడు, బజారు నుంచి ఆకులూ వక్కలూ తెమ్మంటే ఒప్పుకున్నట్టు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

కొత్త చేనులో వేసిన రెండు బోర్లలోనూ దుమ్మే లేచింది. నీళ్లు లేని చోట కంది తప్ప వేరే దిక్కు లేదు. మా ఆయన వారంలో మూడు రోజులు అక్కడే ఒక రేకుల గదిలో ఉండేవాడు. మొదటి పంట చేతికొచ్చే వేళకు ఏదో ఆఫ్రికా దేశం నుంచి ఓడల్లో కందులు దిగాయని, ధర పడిందని టీవీలో చెప్పారు. మా అత్త చాలాసేపు ఆ టీవీ వంక చూసింది.

"గా దేశపోళ్లకు మనమేం పాపం జేసినం?" అంది.

"ఆళ్లు మనకోసం పంపలేదవ్వా. ఆళ్ల బతుకు ఆళ్లది" అన్నాడు మా ఆయన. ఆ రాత్రి అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

విచిత్రం ఏమిటంటే మేం బాగుపడ్డామనే అందరూ అనేవాళ్లు. దూరపు చేను ధర కూడా పెరుగుతూనే ఉంది. ఎవరు ఎదురైనా "నీకేందన్నా, కూసున్నకాడ పెరుగుతున్నది" అనేవాళ్లు. ఆ పెరిగింది ఇంట్లోకి రాదు. నూనె ప్యాకెట్ కొనాలి, టమాటా కొనాలి, గట్టు మీద తెంపుకునే కొత్తిమీర కూడా కొనాలి. ఆ ఏడు బతుకమ్మకు చేవెళ్లలో బండి మీద బంతిపూలు బేరమాడి కొన్నాను. ఇంటికి తెచ్చి చాటలో పోస్తే మా అత్త ఒక పువ్వు తీసి తొడిమ చూసింది. "నిన్నటియి" అని మళ్ళీ చాటలో వేసింది. నాకు సిగ్గేసింది, ఆ వెంటనే మా ఆయన మీద కోపం వచ్చింది.

ఆమె ఆరోగ్యం పాడయ్యాక మొగుడితో గట్టిగానే గొడవ పడ్డాను. దూరపు చేనులో ఒక ఎకరం అమ్మి ఇక్కడ దగ్గరలో కౌలుకు కాస్త నేల తీసుకుని పూలు పెడదామన్నాను.

"ఇంకా పెరుగుతది, జర ఆగు."

"నీకు పెరిగేదాంక అత్త ఆగుతదా?" అని అడిగాను. ఆయన మరుసటి నెలలో దూరపు చేనులోనే గది పక్కన రెండు మళ్లు బంతి నారు నాటాడట. డ్రమ్ములతో నీళ్లు మోశాడట. ఎండలకు ఒక్క మొక్కా మిగల్లేదు. ఆ సంగతి నాకు ఆయన చెప్పలేదు, పక్క చేను రైతు చెప్పాడు. మా అత్త మాత్రం ఆయన వచ్చినప్పుడల్లా మంచంలోంచి అడిగేది.

"పూలు పెట్టినవా కొడుకా?"

"పెడ్తనవ్వా."

కార్తీకంలో ఒక పొద్దున మా అత్త పోయింది. మా ఆయన చేను దగ్గర ఉన్నాడు. ఫోన్ చేశాను.

"నేనొచ్చేదాంక పాడె లేపకున్రి" అన్నాడు.

చుట్టాలు వచ్చారు. తమ్ముడు పూలదండలు తెచ్చాడు. ఎవరో మెరిసే ప్లాస్టిక్ గులాబీల దండ కూడా తెచ్చి ఆమె మెడ దగ్గర పెట్టారు. దాన్ని తీసి అవతల పడేశాను. మిగిలిన దండలు కూడా కొన్నవేనని నాకు తెలుసు. నలుగురి ముందు తీయడానికి చేతులు రాలేదు. మధ్యాహ్నం దాటింది. మా అత్త తమ్ముడు, పెద్దాయన, వాకిట్లోకీ లోపలికీ తిరుగుతున్నాడు.

"పొద్దు గూకకముందే కావాలె బిడ్డా. ఇంకెంతసేపు?"

"వస్తుండు మామా" అంటూనే ఉన్నాను. వాళ్ల అమ్మ పోతే కూడా ఆ చేను వదిలి రాలేకపోతున్నాడని లోపల తిట్టుకుంటున్నాను.

పాడె కట్టడం అయిపోయాక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. మా ఆయన దిగాడు. భుజం మీద తడి గోనెసంచి. ఒకప్పుడు మార్కెట్‌కు కట్టినట్టే మూతి కట్టి ఉంది. నీళ్లు ఆయన వీపు మీదుగా కారుతున్నాయి. పాడె పక్కన మోకాళ్ల మీద కూర్చుని తాడు విప్పాడు. లోపల కంది కొమ్మలు. కొమ్మకొమ్మకూ పసుపు పచ్చటి పూత.

పెద్దాయన ముందుకు వంగి చూశాడు.

"పూత మీదున్న కందిని కోసినవారా? కాయ పట్టేటియి గదరా అన్ని!"

"మన చేన్ల పూలు మామా" అన్నాడు మా ఆయన. "కొన్నయి వద్దన్నది."

నేను లేచి ఆమె మీది దండలు ఒక్కొక్కటే తీశాను. తమ్ముడు కూడా వచ్చి తీశాడు. మా ఆయన కొమ్మలు పరుస్తూ ఉంటే నేను పూత రాలకుండా పట్టుకుని అందించాను. నా చేతికి ఒక్క పువ్వు రాలినా మా అత్త ఏమంటుందో అనిపించి ఏడుపు ఆగలేదు.

చేను ధర ఇప్పుడు ఎంతో నాకు తెలియదు, అడగలేదు. ఆయన మీద నాకున్న కోపం పూర్తిగా పోయిందని కూడా చెప్పను. ఆ నేల నుంచి పువ్వన్నది వాడకుండా ఎక్కడికీ చేరదని ఎన్నేళ్లో దెప్పాను. ఆ రోజు చేరింది.