లక్ష్మివారం మీటింగుకి సోలార్ ప్లేట్లు

ఆ రోజుల్లో చదువు పూర్తయి ఉద్యోగం రాని మనిషికి ఇంట్లో ఒక ప్రత్యేకమైన హోదా ఉండేది. మిక్సీ ఆగిపోతే మనమే చూడాలి, పక్కింటివాళ్ళ టీవీలో బొమ్మ రాకపోతే మనమే పరిగెత్తాలి. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ముగించి బొబ్బిలిలో మా అమ్మమ్మ దగ్గర చేరిన ఏడాది (చేరడమంటే ఉద్యోగంలో కాదు, మడత మంచం మీద) నా చేతిలో ఒక టెస్టరు, నోట్లో బోలెడు పెద్ద మాటలు తప్ప మరో ఆస్తి లేదు. ఫ్యూజు వెయ్యడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ టీ తాగి, ఓల్టేజి గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చి వచ్చేదాన్ని. వాళ్ళు పాపం ఓపిగ్గా వినేవాళ్ళు. నేను మెట్లు దిగితే గాని వాళ్ళకి ఫ్యాను కింద పడుకునే యోగం ఉండేది కాదు మరి.

మా అమ్మమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మా వీధిలో సగం మందికి పురుడు పోసింది ఆవిడే. అందుకే అందరికీ నర్సమ్మ. తాతయ్య పోయిన దగ్గర్నుంచి ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి మా చర్చి ఆడవాళ్ళ ప్రార్థన కూడిక ఆవిడ ఇంట్లోనే జరిగేది. (మేం బాప్టిస్టులమే గాని, మా వైపు గురువారం అంటే లక్ష్మివారమే. పాస్టరమ్మగారు ఆ మాటని ఒకసారి సరిదిద్దబోయి, మా అమ్మమ్మ చూసిన చూపుకి ఊరుకున్నారు.) బుధవారం నుంచే గచ్చు కడగడం, చాపలు దులపడం, టీలోకి అల్లం తెప్పించడం మొదలయ్యేది. మిగిలిన వారమంతా ఆ ఒక్క సాయంత్రం కోసం ఎదురుచూడటమే ఆవిడ పని. నాకది అప్పుడు చాదస్తంలా కనిపించేది.

ఆ వేసవిలో కరెంటుకి ఏం రోగం వచ్చిందో, ప్రతి లక్ష్మివారం సరిగ్గా నాలుగింటికి పోయి, మీటింగు ముగిశాక వచ్చేది. ముసలమ్మలు చెమటతో తడిసిపోయి, వాక్యం వినడం మానేసి కొంగులతో విసురుకునేవాళ్ళు. అదే వీధిలో ఉండే రిటైర్డు టీచరమ్మగారు కొత్తగా ఇన్వర్టరు పెట్టించుకున్నారు. ఆ సంగతి ప్రతివారం ప్రార్థనలో కృతజ్ఞతలు చెప్పే చోట ఒకసారి వచ్చేది. చివరికి ఒకరోజు పాస్టరమ్మగారు మొహమాటంగా అన్నారు: "నర్సమ్మగారూ, పెద్దోళ్ళు ఉక్కకి కూకోలేకపోతన్నారు. వచ్చే నెల్నుంచి టీచరమ్మగారింట్లో పెట్టుకుందామేటి?"

అందరూ వెళ్ళాక మా అమ్మమ్మ టీ గ్లాసులు కడుగుతూ, నా వైపు చూడకుండా, "మనుసులు రాకపోతే ఇదేటి ఇల్లే, గోడౌను గాని! నువ్వు సదివింది కరెంటు సదువే కదా. ఏటో ఒకటి సెయ్యి" అంది. ఆవిడ నన్ను ఒక పని అడగడం అదే మొదటిసారి.

మర్నాడే విజయనగరం వెళ్ళి సోలార్ షాపులో కూర్చున్నాను. షాపాయన మర్యాదస్తుడు. "అరసవల్లి సూరీడు పక్కనే ఉన్నాడు, మనకి ఎండకేటి తల్లీ కొరత!" అని మొదలుపెట్టి, బ్యాటరీలతో నడిచేది ఒకటి, వీధి లైనుతో కలిపి నడిచేది ఒకటి అని రెండు రకాలు చూపించాడు. నేనాయన్ని పూర్తిగా చెప్పనివ్వలేదు. మీటింగు నాలుగింటికి. నాలుగింటికి మా ఊళ్ళో ఎండ బాణాల్లా దిగుతుంది. సూర్యుడు ఇంకా పైనే ఉండగా బ్యాటరీ ఎందుకు? అది పెడితే నీళ్ళు పోస్తూ కూర్చోవాలి, నాలుగేళ్ళకి మార్చాలి. లైనుతో కలిపిందైతే మిగిలిన కరెంటుని డిపార్టుమెంటుకే ఇచ్చి బిల్లు తగ్గించుకోవచ్చు. ఇదంతా ఊపిరి తీసుకోకుండా ఆయనకే వివరించాను. "బేటరీ వద్దా అయితే?" అన్నాడాయన ఒకసారి. "పగటిపూట దీపం పెట్టుకుంటామా అండీ?" అన్నాను. ఆయన నవ్వి రసీదు పుస్తకం తీశాడు.

ప్లేట్లు బిగించే రోజున ఇంకో గొడవ. వాటిని డాబా గచ్చుకి దగ్గరగా, దక్షిణం వైపు వాల్చి పెట్టమన్నాను. మా అమ్మమ్మ మెట్ల మీదే అడ్డంగా నిలబడిపోయింది. "డాబా అంతా మీ ప్లేట్లు పరిసేస్తే నా గుడ్డలెక్కడారీయాల? నా డాబా మీద నాను తల వంచుకు నడవను. ఎత్తుగా కట్టండి!" ఎత్తు పెంచితే ఇనుము ఎక్కువవుతుందని, గాలివానకి మరింత గట్టిగా బిగించాలని, దానివల్ల కరెంటు ఒక్క పిసరు కూడా పెరగదని చెప్పి చూశాను. వింటేనా? మనిషి చేతులెత్తినా తగలనంత ఎత్తున ఇనప స్తంభాలు లేచాయి. సోలార్ పెట్టించమంటే పెళ్ళిపందిరి వేయించింది మా అమ్మమ్మ అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వాను. ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది. "ఒలే, కరెంటు పోతే ఫేను తిరుగుతాది కదా?"

"ఎండ ఉన్నంతసేపూ తిరుగుతుంది అమ్మమ్మా."

ఆ ధైర్యంతోనే ఆవిడ పాస్టరమ్మగారిని ఒక్క లక్ష్మివారం గడువడిగింది. ఆ రోజు జనం మామూలుకంటే ఎక్కువ వచ్చారు (ప్రార్థనకి కొందరు, ఫ్యాను చూడ్డానికి కొందరు). టీచరమ్మగారు ముందు వరసలో కూర్చున్నారు. పాట అందుకున్నారో లేదో, కరెంటు పోయింది. అందరూ ఫ్యాను వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. "తిరుగుతాది, సూడండి" అంది మా అమ్మమ్మ చిరునవ్వుతో. ఫ్యాను మెల్లగా, మరీ మెల్లగా తిరిగి, నిద్రపోయినట్టు ఆగిపోయింది.

నేను డాబా మీదికి ఒక్క పరుగు తీశాను. ఎండ నిప్పులు చెరుగుతోంది, ప్లేట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. వాటి కింద పిట్టగోడకున్న పెట్టెలో మాత్రం ఆగిపోయినట్టు ఎర్ర లైటు. దాన్ని చూస్తూ నిలబడితే అప్పుడు గుర్తొచ్చింది, మూడో సంవత్సరంలో వచ్చిన ఐదు మార్కుల ప్రశ్న. వీధి లైనులో కరెంటు లేనప్పుడు, దానితో కలిపిన సోలార్ కూడా తనంతట తానే ఆగిపోవాలి. లేకపోతే ఇంట్లో పుట్టిన కరెంటు ఎదురు నడిచి లైనులోకి వెళుతుంది, స్తంభమెక్కి పనిచేసే మనిషి ప్రాణం తీస్తుంది. ఆ ప్రశ్నకి నాకు ఐదుకి ఐదు వచ్చాయి. బొమ్మ కూడా వేశాను. అది మా అమ్మమ్మ ఇంటి గురించి అడిగిన ప్రశ్న అని మాత్రం తట్టలేదు.

కిందికి దిగేసరికి సాక్ష్యాలు చెప్పే వేళయింది. మా మీటింగుల్లో దేవుడు తమకి చేసిన మేలు గురించి ఒక్కొక్కరు లేచి చెబుతారు. పాస్టరమ్మగారికి నా మొహం చూసి జాలేసినట్టుంది. "నువ్వూ ఓ మాట సెప్పమ్మా" అన్నారు. అంత చదువూ చదివి, చెమటలు కక్కుతూ, పాతికమంది ఆడవాళ్ళ ముందు నిలబడి, ఇంటి మీది సోలార్ ఎందుకు ఆగిపోతుందో సాక్ష్యంగా చెప్పాను. ముగించగానే వెనకనుంచి ఒక ముసలమ్మ అలవాటుకొద్దీ "స్తోత్రం!" అంది.

మా అమ్మమ్మ లేచింది. ఆవిడ మొహం చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. "అంటే ఇక్కడ మన ఫేను తిరిగితే అక్కడ లైన్‌మేన్ పేనం పోతాదా?" అని అడిగింది.

"పోవచ్చు అమ్మమ్మా."

"ఆడికి బొడ్డు కోసింది నానే. ఆడి పేనం తీసి ఫేను తిప్పుకుంటానా? ఆగిపోనీ!" అని, అందరి వైపూ తిరిగి, "సాపలు తియ్యండి. పైకి పదండి" అంది.

పైన మా అమ్మమ్మ కట్టించిన ఎత్తుకి ప్లేట్ల కింద ఇంత పొడుగున నీడ పరుచుకుని ఉంది. ఆ గచ్చు మీద నాలుగు బిందెల నీళ్ళు కుమ్మరించి చాపలు పరిచారు. నాలుగు వైపులా గోడలు లేవు గనక గాలి ఏ దిక్కున వచ్చినా ఆగే పని లేదు. పొలాల మీదుగా వచ్చిన ఆ గాలికి పాస్టరమ్మగారి బైబిలు పేజీలు వాటంతటవే తిరిగిపోతుంటే చేత్తో అదిమి పట్టుకుని వాక్యం చెప్పారు. మీటింగు అయ్యాక టీచరమ్మగారు లేవలేదు. పమిట సర్దుకుని, "మా ఇంట్లో ఇన్వర్టరుంది గానీ నర్సమ్మగారూ, ఇంత గాలి లేదు. వచ్చేవారం నాను కాస్త ముందొస్తాను, ఈ సివర సోటుంచండి" అన్నారు. మా అమ్మమ్మ టీ గ్లాసు అందిస్తూ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

మరుసటి ఏడాది బ్యాటరీలు కూడా పెట్టించాం. ఫ్యాన్లు బుద్ధిగా తిరిగాయి, వాటి కింద ఎవరూ కూర్చోలేదు. మా అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ మీటింగు డాబా దిగలేదు. చూడవచ్చిన వాళ్ళతో "మా మనవరాలు కట్టించిన పందిరి" అని చెప్పుకునేది.

ఇప్పుడు సోలార్ పెట్టించుకునేవాళ్ళకి సలహాలు చెప్పడమే నా బతుకుతెరువు. ఎవరొచ్చినా మొదట ఒక్కటే అడుగుతాను: మీకు బిల్లు తగ్గాలా, కరెంటు పోయినప్పుడు వెలగాలా అని. ఆ రోజుల నేను, ఆ టెస్టరు పట్టుకుని తిరిగే పిల్ల, ఎప్పుడైనా నా ఎదుటి కుర్చీలో వచ్చి కూర్చుంటే మాత్రం ఆ ప్రశ్న అడగను. అడిగితే ఆ మీటింగు డాబా ఎక్కేది కాదు.