కుదుపు తగలని రక్తం

ఇవాళ పొద్దున గురుగ్రామ్‌లోని మా ఫ్లాట్‌కు రక్తం తీసుకోవడానికి ఒకతను వచ్చాడు. స్పిరిట్ దూది చేతికి చల్లగా తగిలి, వాసన మిగిల్చి ఆరిపోయింది. ట్యూబు నిండగానే దాన్ని గబగబా ఊపి సంచిలో పడేశాడు. "భయ్యా, ధీరే" అని మెల్లగా పెట్టమన్నాను. "కుఛ్ నహీఁ హోతా, అంకుల్" అని నవ్వి వెళ్లిపోయాడు. నా షుగరు పరీక్షకు నిజంగానే ఏమీ కాదు. కానీ కింద అతని బండి స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిన చప్పుడు వినగానే విశాలాక్షి గారు గుర్తొచ్చారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బేర్ సరాయ్‌లో గది తీసుకుని, దక్షిణ ఢిల్లీలోని ఒక పరిశోధనశాలలో ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేసేవాణ్ణి. నాది తెనాలి, ఆవిడది కర్నూలు వైపు. నలుగురిలో ఇంగ్లీషు, హిందీ మాట్లాడేవారు. మేమిద్దరమే ఉంటే తెలుగు. శరీరంలోని కణాలు తమ పొర నుంచి అతి చిన్న సంచులను తెంపి రక్తంలోకి వదులుతుంటాయి. ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా పాకినప్పుడు అవి విపరీతంగా పెరుగుతాయి. కొన్ని రక్తాన్ని గడ్డకట్టిస్తాయి, కొన్ని రక్తనాళాల గోడల్లో వాపును రెచ్చగొడతాయి. మందుకు క్రిములు చచ్చిన తర్వాత కూడా కొందరు రోగులు ఎందుకు కోలుకోరు? ఆ ప్రశ్నకు కొంత జవాబు ఈ సంచుల్లో ఉందని ఆవిడ అనుమానం. అప్పట్లో చాలామంది వాటిని కణాలు రాల్చే చెత్త అనేవారు. పై అంతస్తు ప్రొఫెసర్ ఒకాయన కారిడార్‌లో ఎదురైతే, "క్యా మేడమ్, ఆజ్ కిత్‌నీ ధూల్ ఝాడీ?" అని, ఇవాళ ఎంత దుమ్ము దులిపారంటూ వేళాకోళం చేసేవాడు. "ఆప్‌కే కమ్రే సే కమ్, సర్" అని, మీ గదిలోకన్నా తక్కువేనని అంటించి ఆవిడ ఆగకుండా వెళ్లిపోయేవారు.

ఒక జూన్ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి రక్తం ట్యూబులు ఆటోలో తెచ్చాను. యంత్రంలో పెట్టి చూస్తే రోగుల రక్తంలోనే కాదు, పోల్చి చూడటానికి ఇచ్చిన ఆరోగ్యవంతుడి రక్తంలోనూ సంచులు విపరీతంగా ఉన్నాయి. ఆవిడ తెర వైపు చూసి అడిగారు.

"ఆటోలో వచ్చినావా అబ్బీ?"

"ఎండగా ఉందని, మేడమ్..."

"ఎండ నీకు. కుదుపు దానికి. కుదిపితే ప్లేట్‌లెట్లు ట్యూబులోనే సంచులు వదుల్తాయి. ఇప్పుడివి రోగంవా, ఆటోవా? చెప్పు."

ఆ ట్యూబులన్నీ పారబోయించారు. అప్పటి నుంచి మా దగ్గర రక్తం నడిచే వచ్చేది. మాతో పాటు ఆవిడకూ వంతు ఉండేది, ఎప్పుడూ తప్పించుకోలేదు. కొంగు బొడ్లో దోపి, ట్యూబుల స్టాండును రెండు చేతులతో నిలువుగా పట్టుకుని, ఎవరు పలకరించినా తల తిప్పకుండా వచ్చేవారు. "మాతాజీ కా ప్రసాద్ ఆ గయా" అని, అమ్మవారి ప్రసాదం వచ్చేసిందంటూ గేటు దగ్గర గార్డు తలుపు తీసేవాడు.

ఇంకొకసారి నా వ్యాసంలో ఆ సంచులను కణాలు ఒకదానికొకటి రాసుకునే ఉత్తరాలు అన్నాను. నాకు నచ్చిన వాక్యం అది. టీ తాగుతూ చదివి దాని కింద గీత గీశారు. "ఉత్తరమైతే ఎవరో రాయాల. ఎవరు రాసినారు? సంచి అను. లోపల ఏముందో తెలిసినాక మాట్లాడదాం. పోలిక దొరికితే వెతకడం ఆపేస్తాం అబ్బీ." నేను రాసేదాంట్లో అలంకారం కనిపిస్తే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

నా చదువు ఆఖరి ఏడాది, మళ్లీ ఎండాకాలంలో, ఆవిడకు మూత్రపిండాల్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. మొదట్లో జ్వరమే కదా అనుకున్నారు. చూస్తుండగానే అది రక్తంలోకి పాకింది. మేం రోజూ ట్యూబులు తెచ్చుకునే అదే ఐసీయూలో చేర్చారు. వెళ్లి పక్కన నిలబడితే ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "నా రక్తం కూడా తీసుకో. డాక్టరుకు చెప్పినాను" అన్నారు.

"ఇప్పుడెందుకండీ, మేడమ్?"

"ఇప్పుడు కాకుంటే ఎప్పుడబ్బీ? నడిచి పో."

రక్తం తీసిన డాక్టరు, మా ఈడువాడే, బయటిదాకా వచ్చాడు. "బగ్ తో మర్ గయా, యార్. బీపీ నహీఁ ఉఠ్ రహా." క్రిమి చచ్చింది, రక్తపోటు లేవడం లేదు. ఆవిడ ఇన్నేళ్లూ అడిగిన ప్రశ్నే అది.

ట్యూబును రెండు చేతులతో పట్టుకుని ఎండలో నడిచాను. గేటు దగ్గర గార్డు నా మొహం చూసి లేచి నిలబడి తలుపు తీశాడు. తెర మీద చుక్కలు నిండిపోయాయి. అన్ని సంచులు నేనెప్పుడూ చూడలేదు. తప్పు పట్టడానికి ఆటో కూడా లేదు.

సాయంత్రం వెళ్లేసరికి మెలకువగానే ఉన్నారు. "ఎట్లుంది?" అన్నారు.

"ఒక్క శాంపిలే కదా, మేడమ్. ఒక్కదాన్ని బట్టి ఏమీ చెప్పలేం."

అది ఆవిడ మాటే. తొందరపడి ఏదైనా తేల్చేసిన ప్రతిసారీ నాకు చెప్పిన మాట. నా మొహంలోకి చూశారు. "అది మాత్రం నేర్చుకున్నావులే" అని మాస్కు సర్దుకున్నారు. మళ్లీ అడగలేదు. ఆ వారం దాటలేదు.

ఇప్పుడు వాటిని చెత్త అనేవాళ్లు లేరు. వాపును రెచ్చగొట్టేవే కాదు, చల్లార్చేవి కూడా వాటిలో ఉన్నాయని తర్వాత తెలిసింది. ఆవిడ ట్యూబులో ఏవి ఎన్ని ఉన్నాయో తేల్చే పరికరం ఆనాడు మా దగ్గర లేదు. ఓదార్చడానికి చెప్పిన మాటే అయినా నేను చెప్పింది నిజమే. అది ఓదార్పనీ, నిజమేననీ రెండూ ఆవిడకు తెలిసినట్టే అనిపిస్తుంది.

నా భార్యకు పరీక్షలు చేయించినప్పుడు ట్యూబు నా చేతికిస్తే, కౌంటరు దాకా రెండు చేతులతో నిలువుగా పట్టుకుని నడుస్తాను. మా అమ్మాయి నవ్వుతుంది. "పాపా, గిరేగా నహీఁ" అంటుంది, పడిపోదులే నాన్నా అని.

పడుతుందని కాదు.