బెల్లం తిన్న ట్యాంకు

మా మామగారు అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక కొట్టులో గుమస్తా. లోకంలో ఏ రోగానికైనా బెల్లమే మందని ఆయన నమ్మకం. దగ్గొస్తే బెల్లం, గేదె ఈనితే బెల్లం, గోడకి సున్నం కలిపితే అందులోనూ ఇంత బెల్లం. చివరికి మా ఇంటి సెప్టిక్ ట్యాంకుకి కూడా ఆయన బెల్లమే పెట్టేవారు. వేళాకోళానికి అనడం లేదు, నిజంగానే పెట్టేవారు.

నెలకోసారి మార్కెట్ నుంచి పాకం కారిపోయిన దిమ్మ ముక్కలూ, ఎవరూ కొనని నల్లబెల్లమూ సంచిలో వేసుకొచ్చి, బకెట్ నీళ్ళలో కరగబెట్టి, పెరట్లోని మరుగుదొడ్డిలో పోసేవారు. "లోపల పురుగులుంటాయమ్మా. వాటికి కడుపు నిండితే అంతా అవే అరిగించేత్తాయి. ఇంక ట్యాంకు తియ్యక్కర్లేదు," అని నాకు పాఠం చెప్పేవారు. ఆ వీధిలో మరో నాలుగిళ్ళ వాళ్ళు కూడా ఆయన్ని చూసి ఇదే వైద్యం మొదలుపెట్టారు. "కట్టి పదిహేనేళ్ళయినాది, ఒక్కపాలి కూడా మూత తియ్యలేదు," అని చర్చి నుంచి వచ్చే దారిలో కూడా చెప్పుకునేవారు. మనవడు క్లాసులో ఫస్టు వచ్చాడని చెప్పుకునేవాళ్ళ మొహంలో ఉండే వెలుగు అప్పుడు ఆయన మొహంలో ఉండేది.

నేనేమీ తక్కువదాన్ని కాదు. కె. కోటపాడు దగ్గర ఒక పల్లె నుంచి కోడలిగా వచ్చాను. మా పుట్టింట్లో మరుగుదొడ్డి లేదు. చెరకుతోట చాటు కోసం పొద్దు వాలేదాకా కడుపు బిగబట్టుకుని కూర్చున్న రోజులు నాకు బాగా గుర్తు. అందుకే అత్తవారింట్లో దాన్ని దేవుడి గదిలా చూసుకున్నాను. వారానికొక యాసిడ్ సీసా పోసి, తెల్లగా మెరిసేదాకా రుద్దితేగాని నాకు అన్నం సయించేది కాదు. వాషింగ్ మెషీన్ కొన్నాక దాని పైపు కూడా ఆ ట్యాంకులోకే పెట్టించాను. స్నానాల నీళ్ళు అప్పటికే అందులోకి పోయేవి. నీళ్ళు కంటికి కనబడకుండా పోతే చాలు, శుభ్రం అంటే అదేననుకునేదాన్ని.

వీధిలో సెల్‌ఫోన్లు ఒక్కొక్కటిగా వస్తున్న రోజులు. ఆ సంవత్సరం వేసవిలో మా అత్త పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక గొంతుక్కూర్చోకూడదన్నారు. ఆవిడ మంచం పక్కనే చిన్న గది కట్టించి, కమోడ్ పెట్టించి, దాని పైపు కూడా ఆ పాత ట్యాంకుకే కలిపాం. ఆవిడ వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసి, ఎవరి సాయమూ లేకుండా వెళ్ళొచ్చిన మొదటి రోజు ఇంట్లో పండగే. "దేవుడికి స్తోత్రం. ఇంక నాకు ఎవల చెయ్యీ అక్కర్లేదు," అంది. ఆవిడ ఆ మాట ఎంత గర్వంగా అందో నాకిప్పటికీ గుర్తుంది.

వానలు పట్టేదాకా అంతా బాగానే ఉంది. ముసురు పట్టిన నాలుగో రోజు మధ్యాహ్నం, ఆవిడ ఫ్లష్ నొక్కితే నీళ్ళు దిగలేదు. పైకొచ్చాయి. అంచు దాటి నేలమీదికొచ్చి, ఆవిడ పాదాల కిందుగా గదంతా పారాయి. కేక విని పరుగెత్తాను. వాకర్ పట్టుకుని, కదలడానికి భయపడి, గోడకేసి మొహం తిప్పుకుని నిలబడింది. ఆవిడ కాళ్ళు కడిగి మంచం మీద కూర్చోబెట్టి, గదంతా డెట్టాలు వేసి కడిగాను. నేను కడుగుతున్నంతసేపూ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వారం తిరక్కుండా మళ్ళీ అదే జరిగింది. మామగారు మార్కెట్ నుంచి రెండు సంచుల బెల్లం తెచ్చి పోశారు. నీళ్ళు దిగలేదు గాని, చీమలు మాత్రం బారులు తీరి వచ్చాయి.

ఆ గొడవలో ఒక సంగతి నేను ఆలస్యంగా గమనించాను. పొద్దున్న ఆవిడ పక్కన పెట్టిన నీళ్ళు సాయంత్రానికి అలాగే ఉండేవి. అడిగితే "దాహం లేదమ్మా" అనేది. టీ వద్దనేది, మజ్జిగ వద్దనేది. పెదాలు ఎండి పగిలాయి. ఒకరోజు చలిజ్వరం వచ్చింది. ఆటోలో తీసుకెళ్తే డాక్టరు పరీక్షలు చేయించి, నామీద గయ్యిమన్నాడు. "ఈవిడ నీళ్ళు తాగుతోందా లేదా? మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఇలాగే వదిలేస్తే కిడ్నీలు పోతాయి. తుంటి బాగుపడి ఏం లాభం?"

ఇంటికొచ్చి ఆవిణ్ణి నిలదీశాను. చివరికి, "తాగితే ఎల్లాలి కదమ్మా. ఎల్తే అది పైకొత్తాది. నీ సేత ఎన్నిపాలి కడిగించుకోను?" అంది.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏడుపు ఆపుకోగలిగాను, కోపం ఆపుకోలేకపోయాను. వీధి గుమ్మంలో కూర్చున్న మామగారి దగ్గరికెళ్ళి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన మీద గొంతెత్తాను. "మీ పురుగులకి కడుపు నిండింది గాని, ఆవిడ గొంతు ఎండిపోతోంది మామయ్యా. రేపు ఆ మూత తీయించాల్సిందే." తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి కదా, ఇంకో సంచి బెల్లం వేసి చూద్దామంటారనుకున్నాను. ఆయన తల దించుకుని, "మూత ఎక్కడుందో నాకే తెల్దమ్మా," అన్నారు.

నిజమే. బుధవారాలు మా పెరట్లో ప్రార్థన కూడిక జరిగేది. చాపలు పరిచి పది పదిహేనుమంది కూర్చునే చోట ఆ మూత ఏమిటని, ఎప్పటికీ తియ్యని దానికి మూత కనబడటమెందుకని, ఆయనే పెరడంతా సిమెంటు వేయించి నున్నగా చేయించారు. ఏళ్ళ తరబడి మేం ఆ ట్యాంకు నెత్తిన కూర్చునే పాటలు పాడుకున్నాం.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. మా చర్చి సంఘంవాడే, మామగారికి వరసకి అల్లుడు. గునపంతో అక్కడా ఇక్కడా పొడిచి, చెవి పెట్టి విన్నాడు. "ఎక్కడ కొట్టినా డొల్లగానే ఉంది మావా. ఇదంతా పగలగొట్టాలి కాబోలు," అన్నాడు. అప్పుడు కిటికీలోంచి అత్త గొంతు వినబడింది.

"అటు కాదయ్యా. గోడవైపు రా. ఇంకొంచెం. ఆఁ, అక్కడ సూడు. సిమెంటు ఎయ్యకముందు ఆ మూత మీదే కూకొని గిన్నెలు తోమేదాన్ని. నాకు తెల్దేటి?"

నాలుగు పోట్లకి సిమెంటు పెచ్చు లేచింది, మూత కనబడింది. మేస్త్రీ అందరినీ దూరంగా పొమ్మన్నాడు. వీధిలోంచి చూడ్డానికొచ్చినాయన నోట్లో చుట్ట ఉంటే ఆర్పించాడు. "ఎవలూ వంగొద్దు. దిగడం మాట అసలే వద్దు. లోపలి గాలి మనిషిని నిలబెట్టి సంపేత్తాది," అని మూత తీసి, అలాగే సాయంత్రం దాకా వదిలేశాడు. తర్వాత పొడవాటి కర్ర దింపి చూశాడు. అది జానెడు దిగి ఆగిపోయింది. లోపల నీళ్ళు ఉండాల్సిన చోట గడ్డపెరుగులా పేరుకుపోయి ఉంది.

"మావా, నువ్వేమో బెల్లం పెట్టి పురుగుల్ని మేపేవు. కోడలమ్మేమో యాసిడ్ పోసి సంపేసింది. ఆ మెషీను నీళ్ళొచ్చి బురదంతా పక్కనున్న ఇంకుడు గుంతలోకి తోసేసి దాన్ని పూడ్సేసినాయి. ఇంక నీరు ఎటు పోతాది? ఎన్ని పురుగులు తిన్నా అడుగున కొంత మిగుల్తాది మావా. మూడేళ్ళకోపాలి తియ్యాలి, అంతే. దీనికి మందు లేదు," అన్నాడు.

మామగారు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. నా కోపమూ అక్కడితో చల్లారింది, ఎందుకంటే అందులో సగం నా మీదే పడాలి. మెరిసేలా తోముతున్నానని మురిసిపోయినదాన్ని నేనే కదా.

మర్నాడు ట్యాంకర్ వచ్చి, గొట్టం వేసి మొత్తం లాగేసింది. ఆ వాసనకి వీధిలో కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి. అందరూ తిట్టుకుంటారని భయపడ్డాను. తీరా చూస్తే బెల్లం వైద్యం చేస్తున్న ఇళ్ళవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చి, తమ ఇంటికెప్పుడొస్తావని డ్రైవర్ని అడిగారు. మేస్త్రీ ఇంకుడు గుంత కొత్తగా తవ్వి, రాళ్ళు నింపాడు. స్నానాల నీళ్ళూ, మెషీను నీళ్ళూ అరటిచెట్ల వైపు మళ్ళించాడు. మూతకి ఇనప కడ్డీ పిడి పెట్టాడు. దానిమీద ఈసారి సిమెంటు వెయ్యలేదు. బుధవారం చాపలు ఇటుపక్క వేసుకున్నాం, యాసిడ్ మాని కొబ్బరిపీచూ సబ్బుపొడీ పట్టాను. మూడేళ్ళకోసారి ట్యాంకర్‌కి కబురు పెట్టే పని ఆ తర్వాత మామగారే చూసుకున్నారు.

కాని అసలు సంగతి అది కాదు. ట్యాంకు బాగయ్యాక కూడా అత్త నీళ్ళు తాగలేదు. బాగయింది అని నేను పదిసార్లు చెప్పాను. తలూపేది, గుక్కెడు తాగి పక్కన పెట్టేసేది. భయం ఆవిడ ఒంట్లోంచి పోలేదు. రెండు రోజులు అలాగే గడిచాయి. నాకు ఏం చెయ్యాలో తోచక, మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళడమే మార్గమనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం మామగారు మార్కెట్ నుంచి భోజనానికొచ్చి, చొక్కా విప్పి, రెండు బకెట్ల నీళ్ళు నింపి మోసుకొచ్చారు. ఆ ఇంట్లో ఆయన బకెట్ ముట్టుకునేది బెల్లం కరగబెట్టడానికే. తిన్నగా ఆవిడ గదిలోకెళ్ళి, కమోడ్ గది తలుపు బార్లా తీసిపెట్టి, "ఒసే, ఇటు సూడు. ఇను," అన్నారు.

ఒక బకెట్ ఒంపారు. నీళ్ళు గుడగుడమని దిగిపోయాయి. రెండోది ఒంపారు. అదీ దిగిపోయింది.

"ఎల్లిపోనాదే. ఇన్నావా? తప్పు నాది. నువ్వెందుకు ఎండిపోతావు?" అన్నారు.

ఆవిడ కాసేపు ఆ గదివైపే చెవి పెట్టి కూర్చుంది. తర్వాత, "ఇంకోపాలి పొయ్యండి," అంది.

ఆయన పరుగులాంటి నడకతో వెళ్ళి మూడో బకెట్ తెచ్చి పోశారు. చివరి చుక్క చప్పుడూ ఆగింది. అప్పుడు అత్త మంచం పక్కనున్న గ్లాసు తీసుకుని, దించకుండా మొత్తం తాగేసి, నావైపు చాపింది.

"ఇంకొన్ని నీలు పట్రామ్మా. దాహంగా ఉంది."