నట్టు మీద ఎర్రగీత

మా మావగారు ఎవరినీ నమ్మరు. జీవితమంతా బళ్ళు విప్పి బిగించిన మనిషి. హోటల్లో మంచినీళ్ళ గ్లాసు కూడా వెలుతురుకి పెట్టి చూస్తారు. వీధిలో అందరూ ఆయన్ని అనుమానాల మేస్త్రి అంటారు. అల్లుణ్ణి కాబట్టి నేను నవ్వు ఆపుకుంటాను.

అలాంటి మనిషిని అడక్కుండా మా ఆవిడ కరెంటు బండి కొంది. పాపని వెనక కూర్చోబెట్టుకుని బడి దగ్గర దింపి, అటునుంచటే డ్యూటీకి వెళ్తుంది. కొన్నాళ్ళకే, గతుకు తగిలినప్పుడల్లా వెనక చక్రం దగ్గర టక్కుమనడం మొదలైంది. "కొత్త బండి కదండీ, సర్దుకుంటుంది" అన్నారు షోరూం వాళ్ళు.

"సర్దుకోడానికి అదేమన్నా కొత్త కోడలా?" అని మావగారు మండిపడ్డారు. వంగి చూస్తే, వెనక షాక్ అబ్జార్బర్‌ని పట్టి ఉంచే బోల్టుకి, కుదుపులకి వదులవ్వని లాక్‌నట్టు వేయాల్సిన చోట మామూలు నట్టు వేసి ఉంది. మనం మారిస్తే వారంటీ పోతుందట. ఆయన దాన్నే బిగించి, మా ఆవిడ నెయిల్ పాలిష్ తీసుకుని నట్టు మీద నుంచి ఫ్రేమ్ దాకా ఒక గీత గీశారు. నట్టు కదిలితే గీత తెగుతుంది. తెగిందంటే ఆ బండి గేటు దాటదని అందరి ముందూ చెప్పేశారు.

మా ఇంటికి వచ్చినప్పుడల్లా గీత చూసేవారు. అది చెక్కుచెదరలేదు. టక్కు మాత్రం పెరిగింది. సర్వీసుకి ఇచ్చినప్పుడు షోరూం వాళ్ళే ఏదో మాయ చేశారని ఆయన తేల్చారు. నాకూ నిజమే అనిపించింది.

నిన్న మావగారు ఆ గీతని గోటితో గీకారు. పైరంగు పెచ్చులా ఊడింది. కింద పాత గీత తెగి ఉంది, నట్టు మీద ఒకచోట, ఫ్రేమ్ మీద ఇంకోచోట.

"చూశావా అల్లుడూ! దొంగవెధవలు, పైన మళ్ళీ రంగు పూశారు. పద, వాళ్ళ సంగతి తేలుద్దాం."

నాకూ ఒళ్ళు మండింది. చెప్పులేసుకున్నాను.

"వాళ్ళు కాదు నాన్నా," అంది మా ఆవిడ గుమ్మంలోంచి. "నేనే."

ఇద్దరం నిలబడిపోయాం.

"గీత తెగిందంటే నువ్వు బండి లాక్కుంటావు. మళ్ళీ పొద్దున్నే వాళ్ళనీ వీళ్ళనీ లిఫ్టు కోసం బతిమాలుకోవాలి. వదులైనప్పుడల్లా నాకు చేతనైనట్టు బిగించే గీశాను."

మావగారు నట్టుని వేళ్ళతో తిప్పారు. తిరిగింది. బోల్టు బయటికి లాగితే సగం అరిగిపోయి ఉంది.

"పాప వెనకాలే కూర్చుంటుంది కదమ్మా. నాతో ఒక్కమాట అనకపోయావా?"

మా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా తగ్గలేదు.

"చెబితే బండి లాక్కోకుండా ఉండేవాడివా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు."

ఆయన ఆ బోల్టు పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.